మాల్దీవుల సాగరగర్భమున సొరచేపలు



తెలుగు తీరమున సొర అన్న మాట వినబడగానే భయముకన్న ముందు వంటయిల్లు స్ఫురించును. పల్లెకారుల యిండ్లలోను, గోదావరి జిల్లాలలోని పెక్కు గృహములలోను, బాలింతకు పాలు బాగుగా పడునను నమ్మకముతో పాలసొరను ఉడికించి, తోలు తీసి, పొడిపొడిగా చిదిపి, ఉల్లి, వెల్లుల్లి, మిరపకాయలతో వేయించి పెట్టుదురు. దానినే సొరపుట్టు అందురు. కాని తీరమునకు దూరముగా, ఢిల్లీలోను, నాగపూరులోను పెరుగుచున్న మన పిల్లలకు సొర అన్నచో వేఱొక రూపము తోచును. 1975లో విడుదలయిన 'జాస్' అను అమెరికా చలనచిత్రమును, దాని ననుసరించి వచ్చిన అనేక చిత్రములును సొరను నరభక్షకిగా వారి మనస్సులలో నిలిపినవి. ఒకరికి అది కూర, మఱొకరికి రాక్షసి. సొర తన యింటిలో తాను ఎట్లు మెలగునో ఈ ఇరువురును ఎఱుగరు. దానిని చూచి వచ్చినవారు డైవర్లు. వారు చూచుటకై విశేషముగా పోవు చోటు మన పొరుగుననే యున్నది, అదియే మాల్దీవులు.

మన లక్షద్వీపములలో దక్షిణపు కొనన ఉన్న మినికాయ్ దీవినుండి మాల్దీవుల ఉత్తరపు కొన ఎంతో దూరము కాదు. రెండు చోట్లను మాటలాడు భాష ఒక్కటియే. మినికాయ్‌లో దానిని మహల్ అనియు, మాల్దీవులలో దివేహి అనియు పిలుతురు. భూమధ్యరేఖకు ఇరువైపుల ఉత్తర దక్షిణములుగా దండ గ్రుచ్చినట్లు పరచుకొన్న ఆ దేశములో దాదాపు 1,200 దీవులు కలవు. జనులు నివసించునవి 200కు లోపే. సగటు ఎత్తు సముద్రమట్టమునకు మీటరున్నర మాత్రమే. పగడపు దిబ్బలు వలయాకారముగా పెరిగి, నడుమ నిస్తరంగమైన మడుగును కాపాడుచుండును. ఇట్టి వలయమును ప్రపంచ భాషలన్నియు 'ఎటోల్' అని పిలుచుచున్నవి. ఆ మాట దివేహి భాషనుండి పోయినదే. మునుపు బెంగాలులోను, ఒరిస్సాలోను నాణెములుగా చెల్లిన గవ్వలును అధికభాగము ఇచ్చటివే.

ఢిల్లీలో మహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువున ఖాజీగా ఉండిన ఇబన్ బతూతా 1343లో ఈ దీవులకు చేరి, అక్కడను ఖాజీ పదవినే నిర్వహించెను. బదిలీలకు అలవాటుపడిన ఉద్యోగులకు ఆయన వృత్తాంతము ఆసక్తి కలిగింపక మానదు. గవ్వలు బెంగాలునకు ఎగుమతియగు వైనము ఆయన వ్రాసినాడు గాని నీటి క్రింది లోకమును చూచు సాధనము ఆ కాలమున లేదు. 1943లో ఫ్రాన్సు దేశమున కూస్తో, గాన్యాన్ అనువారు గాలితొట్టిని వీపున కట్టుకొని నీట శ్వాసించు పరికరమును తయారుచేసిరి. ఆ తొట్టిలో నుండునది ప్రాణవాయువని పలువురు అనుకొందురు. సాధారణముగా అది మనము పీల్చు గాలియే, బిగించి నింపినది. 1957–58లో ఆస్ట్రియా దేశస్థుడైన హాన్స్ హాస్ 'షరీఫా' అను ఓడలో శాస్త్రజ్ఞులను వెంటబెట్టుకొని మాల్దీవులకును, మన నికోబార్ దీవులకును వచ్చి పరిశోధనలు సాగించెను. మాల్దీవులలో తొలి విహారవసతి 1972లో వెలసినది. నేడు ఆ దేశపు ఆదాయమునకు ఆధారము చేపల వేటయు, చేపలను చూడవచ్చు యాత్రికులును.

చూచు విధానము కొంత చెప్పవలసి యున్నది. వలయమునందు అచ్చటచ్చట గండ్లు ఉండును. వీనిని 'కండు' అందురు. సముద్రపు నీరు ఈ గండ్లగుండా లోనికిని, వెలికిని పోటెత్తుచుండును. ఈశాన్య ఋతుపవన కాలమున ప్రవాహము తూర్పునుండి పడమరకు సాగును. అప్పుడు తూర్పుగండ్లలోనికి నిర్మలమైన సముద్రజలము ప్రవేశించును. సొరలు ఆ గండి మొదటనే నిలిచి యుండును. డైవరు చట్టము అనుమతించిన 30 మీటర్ల లోతునకు లోబడి దిగి, గండి అంచున ఒక కొక్కెమును రాతికి తగిలించుకొని, వరదలో గడ్డిపోచవలె ఊగుచు చూచుచుండును. తాను కదలరాదు, కదలవలసిన పనియు లేదు. సొరలే వచ్చును.

వచ్చునవి ముఖ్యముగా బూడిదవన్నె సొరలు. సుమారు రెండు మీటర్ల వరకు పెరుగును. ఆ ప్రవాహమున మనుష్యుడు కొక్కెము విడిచినచో కొట్టుకొనిపోవును. అవి తోక మెల్లగా ఆడించుచు ఉన్నచోటనే నిలిచి యుండును. వాని ముక్కుదిమ్మ క్రింద సన్నని రంధ్రములలో ఒక ఇంద్రియము కలదు. ఇతర ప్రాణుల కండరములు కదలినపుడు పుట్టు విద్యుత్తును సైతము అది పసిగట్టును. అందుచేత ఇసుకలో దాగిన చేప కంటికి కనబడకున్నను దానికి తెలియును. డైవరు మరీ చేరువకు పోయి దారి కట్టినచో, బూడిదవన్నె సొర వీపును విల్లువలె వంచి, ప్రక్కఱెక్కలను క్రిందికి దించి, ముట్టెను పైకెత్తి, శరీరమునంతయు అటునిటు త్రిప్పుచు ఈదును. అది హెచ్చరిక. అర్థము చేసికొని వెనుకకు తగ్గినవానికి సాధారణముగా కీడు జరుగదు. సాధారణముగా హెచ్చరిక లేకుండ చర్య తీసికొనని ఈ ప్రాణిని క్రూరజంతువని పిలుచుట అన్యాయమే.

తెల్లమొన సొర యింకను సాధువు. ఈత మానినచో సొరకు ఊపిరి ఆడదని ఒక నానుడి కలదు; అది అన్ని జాతులకును వర్తింపదు. తెల్లమొన సొర పగలంతయు ఇసుకపైనను, గుహలోను పరుండి, నోటితో నీటిని మొప్పలమీదికి త్రోసికొనుచు విశ్రమించును. రాత్రి కాగానే పగడపు సందులలో దూరి వేటాడును. నల్లమొన సొర పిల్లలు మోకాలి లోతు నీటిలో, విహారవసతుల మెట్ల ప్రక్కనే, చిన్న చేపలను తరుముచు ఆడుకొనుచుండును. సొరను చూచితిమని ఇంటికి ఉత్తరము వ్రాయు యాత్రికులలో చాలమంది చూచినది ఈ జానెడు, మూరెడు పిల్లలనే! అరి ఎటోల్ చేరువనున్న రస్‌దూ వద్ద తెల్లవారుజామున దిగినవారికి, లోతునుండి పైకి వచ్చు సుత్తితల సొరల గుంపు ఒక్కొక్కప్పుడు కనబడును. ఒక్కొక్కప్పుడు ఉత్త నీలిమయే కనబడును.

భూమధ్యరేఖకు కొంచెము దక్షిణమున ఫువహ్‌ములా అను ఒంటరి దీవి యున్నది. అక్కడి పద్ధతి వేఱు. చుట్టును లోతైన సముద్రము, తీరముననే చేపలరేవు. చేపలు కోసి, తలలు, ప్రేవులు నీటిలో పారవేయుటచేత పులిసొరలు ఆ రేవుముఖమునకు వచ్చుట మరగినవి. మీటర్లు మూడు, నాలుగు పొడవుగల ఈ సొరలను చారలనుబట్టియు, గాయపు మచ్చలనుబట్టియు గుర్తించి, 200కు పైగా వేఱువేఱు సొరలు అక్కడ తిరుగుచున్నవని పరిశోధకులు లెక్కించినారు. వానిలో అధికసంఖ్యాకములు పెద్ద ఆడసొరలు. ఇప్పుడు డైవర్లను కొనిపోవువారు సైతము చేపతలలను రాళ్ళక్రింద పెట్టి సొరలను రప్పించుచున్నారు. ఈ పద్ధతి వాంఛనీయమా యని సందేహము కలుగక మానదు. పెట్టుపోతలకు అలవాటుపడిన అడవిమృగము అడవిమృగముగా మిగులునా? అయితే, ఆ సొరలు బ్రతికి యుండుటకు ఈ విందే ఒక కారణమని చెప్పువారికి బదులు చెప్పుటయు సులభము కాదు.

పెద్దదనమున సొరలన్నిటికిని రాజు తిమింగలసొర. అది సొరయే గాని తిమింగలము కాదు. పాలిచ్చు జంతువు కాదు. నోరు తెఱచి కంటికి కనబడని ప్లవకములను, చిన్న చేపలను వడగట్టి త్రాగును. అరి ఎటోల్ దక్షిణపు అంచున సంవత్సరము పొడవునను కనబడునవి యెక్కువగా ఇంకను పెద్దవి కాని మగవి. వానికి ఆ చోటు ఏమి ప్రీతియో శాస్త్రజ్ఞులకు పూర్తిగా బోధపడలేదు. వీపుపైని తెల్లచుక్కల వరుస ఒకదానివలె మఱొకదానికి ఉండదు. వ్రేలిముద్రలవలె ఆ చుక్కలతోనే ఒక్కొక్కదానికి పేరు పెట్టి పట్టిక వ్రాయుచున్నారు.

టేకు చేపల జాతిలోని మాంటాకును ఇట్లే పొట్టక్రింది మచ్చలతో గుర్తు. మాల్దీవులలో ఇప్పటికి 5,000కు పైగా మాంటాలు పట్టికకెక్కినవి. నైఋతి ఋతుపవన కాలమున, బా ఎటోల్‌లోని హనిఫరు అను చిన్న అఖాతములో ప్లవకము చిక్కుకొని నీరు పాయసమువలె చిక్కబడును. అప్పుడు మాంటాలు పదులకొలది చేరి, ఒకదాని తోకవెంట ఒకటి తిరుగుచు సుడిగుండమును కల్పించి మేయును. ఈ ఎటోల్‌ను యునెస్కో 2011లో జీవావరణ రక్షితప్రాంతముగా గుర్తించినది. హనిఫరులో గాలితొట్టితో మునుగుట 2012నుండి నిషిద్ధము. ఈదుచు పైనుండి చూడవలసినదే. బుడగల రొద మేతకు భంగమని కారణము.

మేత ముగిసిన మాంటా నేరుగా క్షురకశాలకు పోవునని చెప్పిన నవ్వులాట కాదు. పగడపు దిబ్బపై కొన్ని నియతస్థలములలో నీలిచార గల వ్రేలెడు చేపలు కాపురముండును. పెద్ద చేపలు అచ్చటికి వచ్చి, వరుసలో నిలిచి, నోరు, మొప్పలు తెఱచి యిచ్చును. చిన్న చేపలు లోనికి పోయి పరాన్నజీవులను, చచ్చిన చర్మమును ఏరి తినును. సొరలును ఈ సేవకు వచ్చును. తమ నోటిలో నున్నదానిని మ్రింగవు. ఈ స్నేహమును షరీఫా ఓడలో వచ్చిన శాస్త్రజ్ఞుడు ఐబ్ల్-ఐబెస్‌ఫెల్ట్ ఆ రోజులలోనే శ్రద్ధగా పరిశీలించెను. విచిత్రమేమనగా ఇందులోను కపటము కలదు. అచ్చముగా అదే వేషము, అదే నడక గల మఱొక చేప, శుభ్రము చేయునట్లు దగ్గఱకు వచ్చి, ఱెక్క కొఱికి పారిపోవును. ఏ కార్యాలయములోనైనను ఈ జాతివారు ఒకరిద్దరు ఉండకపోరని సభ్యులు ఒప్పుకొందురు.

చిలుకచేప సంగతి ఒక మాటలో చెప్పి ముగింపవచ్చును: అది చిలుకముక్కు వంటి పండ్లతో దిబ్బను గోకి తిని, పిండియైన సున్నమును విసర్జించును. యాత్రికులు మెత్తగా ఉన్నదని మురియు తెల్లని ఇసుకలో పెద్దభాగము ఆ విసర్జనమే. దీవుల నేలయే చేపల ప్రసాదము. అయితే 1998లోను, మరల 2016లోను సముద్రము మితిమీరి వేడెక్కి పగడములు వెలవెలబోయినవి. లోతు తక్కువ చోట్ల చాలభాగము చచ్చినవి. వేటను ఆపుటకు ఉత్తరువు వేయవచ్చును. వేడిమిని ఒక చిన్న దేశపు ఉత్తరువు ఆపజాలదు.

ఇక ఉత్తరువుల సంగతికి వత్తము.

మాల్దీవులవారు పూర్వము పెద్దసొరలను పట్టెడివారు, కాని తినుటకు గాదు. కొయ్యపడవలకు పూయుటకై వాని కాలేయపు నూనె కావలసి యుండెను. వారి తిండి తూనాచేప. గాలముతో ఒక్కొక్కటిగా పట్టుట వారి వంశపారంపర్యవిద్య. 1970 తరువాత తూర్పుదేశములలో సొరఱెక్కలకు గిరాకి పెరిగి, ఎగుమతికై సొరల వేట విస్తరించెను. సొర తక్కిన చేపలవలె లక్షలకొలది గ్రుడ్లు పెట్టు ప్రాణి కాదు. బూడిదవన్నె సొర యుక్తవయస్సునకు వచ్చుటకే సుమారు ఏడు సంవత్సరములు పట్టును. ఒక కాన్పునకు ఆరింటికి మించి పిల్లలు పుట్టవు. పట్టిన వేగమునకును, పుట్టిన వేగమునకును పొంతన లేకపోయెను.

అప్పుడు చార్లెస్ ఆండర్సన్, హుదా అహ్మద్ అనువారు 1993లో ఒక లెక్క కట్టిరి. ఒక బూడిదవన్నె సొరను చంపి అమ్మినచో జాలరికి ఒక్కసారిగా వచ్చునది సుమారు 32 డాలర్లు. అదే సొర బ్రతికి, డైవర్లు విశేషముగా పోవు అరి ఎటోల్‌లోని ఒక దిబ్బవద్ద తిరుగాడుచున్నచో, దానిని చూచుటకై యాత్రికులు వెచ్చించునది ఏటా సుమారు 33,500 డాలర్లు. పశ్చాత్తాపముతో గాని, జీవకారుణ్యముతో గాని కదలని దస్త్రము ఈ అంకెలతో కదలినది. అయినను వెంటనే కాదు. అంకెలకు ఆధారమైన ఆ దిబ్బ సొరలే 1990 దశకము నడుమ చాలవరకు వేటకు బలియైనవి! 1995లో తిమింగలసొరకు రక్షణ. 1998లో యాత్రికులు పోవు ఏడు ఎటోల్‌లలో పదేండ్ల నిషేధము. 2009 మార్చిలో ఎటోల్‌ల లోపలను, వాని చుట్టును 12 మైళ్ళ వరకును నిషేధము. 2010లో దేశమంతటను సొరల వేటకును, వ్యాపారమునకును పూర్తి నిషేధము. 2014లో టేకుజాతులన్నిటికిని ఆ రక్షణయే విస్తరించినది. మన దేశమునను తిమింగలసొరకు 2001లో వన్యప్రాణి చట్టపు అత్యున్నత రక్షణ లభించినది. 2015లో సొరఱెక్కల ఎగుమతి నిషేధింపబడినది. సొరల వేట మాత్రము మనయందు పూర్తిగా నిలువలేదు. మన తీరమున సొర పేదవాని పళ్ళెములోనిది గనుక మాల్దీవుల ఉత్తరువును నకలు తీసి సంతకము పెట్టుట కుదరదు.

మాల్దీవులలోనైనను ఈ ఉత్తరువు మూల్యమును అందరును సమముగా చెల్లింపలేదు. 33,500 డాలర్లు వచ్చునది విహారవసతికిని, పడవల యజమానికిని. పోయిన 32 డాలర్లు జాలరివి. సొరలు పెరిగి, గాలమునకు పడిన చేపను పైకి లాగులోపలనే కొఱికి తినుచున్నవని జాలరులు మొఱపెట్టుచు వచ్చిరి. సగము తెగిన తూనాను చేతబట్టినవాని కోపమును అజ్ఞానమని త్రోసిపుచ్చరాదు. 2021లో సొరల వేటను తిరిగి అనుమతించుట యోచింపబడుచున్నదని అక్కడి మత్స్యశాఖ పార్లమెంటు సంఘమునకు తెలుపగా, దేశవిదేశములలో అలజడి రేగెను. అట్టి ఉద్దేశము లేదని ప్రభుత్వము పిమ్మట ప్రకటించెను.

అయితే వందల మీటర్ల లోతున, సూర్యకాంతి చొరనిచోట, గల్పర్ అను పెద్ద ఆకుపచ్చకన్నుల సొర యొకటి కలదు. దాని కాలేయపు నూనె ఔషధములకును, సౌందర్యద్రవ్యములకును పనికివచ్చును. 1980 ప్రాంతమున దీని వేట మాల్దీవులలో ఆరంభమై, ఇరువది సంవత్సరములు గడచులోపలనే దాని సంతతి దాదాపు అడుగంటెను. చాల కొద్ది పిల్లలనే, అదియు దీర్ఘకాలము మోసి, ఈనును గనుక తేరుకొనుట మిక్కిలి నిదానము. 2025లో ఈ ఒక్క జాతి వేటను నియంత్రణలతో తిరిగి తెఱచుటకు నిశ్చయించినట్లు ప్రభుత్వము ప్రకటించెను. జాలరులకు జీవనోపాధియను కారణము చెప్పబడినది. శాస్త్రజ్ఞులు అభ్యంతరము తెలిపిరి. బూడిదవన్నె సొరను కాపాడిన లెక్క ఇక్కడ పనికిరాదు. డైవర్లకు చట్టము విధించిన హద్దు 30 మీటర్లు; గల్పర్ సొర ఉండునది అంతకు ఎన్నియో రెట్ల క్రింద. దానిని చూచుటకై టిక్కెట్టు కొన్నవారు ఇంతవరకు ఎవ్వరును లేరు.